మెడ తెగని అంగీ

భిలాయి వెళ్లి వచ్చానని తెలిసి మా వీధిలో అందరూ ఒకే ప్రశ్న వేస్తున్నారు. కొలిమి చూశారా, కరిగిన ఇనుము ఏరులా పారుతుందట కదా అని. నేను కొలిమి చూడలేదు. లోపలికి వెళ్లడానికి పాసు కావాలి, పాసు కోసం ఎవరినో అడగాలి. అడగడం నాకు అలవాటు లేదు. ఐదు రోజులు ఆ ఊళ్లో ఉండి నేను చూసి వచ్చింది ఒక అంగీ మెడ. సరిగ్గా చెప్పాలంటే రెండు అంగీల మెడలు.

మాది పార్వతీపురం వైపు ఒక చిన్న జమీ. నాకు ఊహ వచ్చేసరికే ఎస్టేటు పోయింది, పెళ్లి నాటికి ఇల్లూ పోయింది. ఇప్పుడు విజయనగరంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఇది దాచుకోవలసిన సంగతి కాదు, చెప్పుకుని ఏడవవలసింది అంతకన్నా కాదు. మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గది ఒక్కటే, మా తాతగారి దర్బారు అంగీ. ముదురు ఎరుపు పట్టు, ఒళ్లంతా జరీ బుటా. గుండీలు లేవు, ముందు చీలిక లేదు, తల మీదుగా తొడుక్కోవాలి. తాతగారు భారీ మనిషి. ఎన్నేళ్లు తొడిగి విప్పినా మెడ దగ్గర ఒక్క పోగు చెదరలేదని నాయనమ్మ చెప్పేది. కుట్టినవాడి పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకూ తెలియదనుకుంటాను. నాకు అరవై రెండో ఏట, భిలాయి నుంచి వచ్చిన ఉత్తరంలో తెలిసింది.

ఉత్తరం రాయించినవాడు సామ్యేలు. ప్లాంటులో టార్పాలిన్లూ తోలు ఎప్రాన్లూ కుట్టి రిటైరైన మనిషి. తన తండ్రి లచ్చన్నే మా తాతగారి అంగీ కుట్టాడట. తమ క్యాంప్ 1 చర్చిలో యూదుల ప్రధాన యాజకుడు, అంటే వాళ్ల గుడి పెద్ద పూజారి, వేసుకునే ఎనిమిది వస్త్రాలను కుట్టి, ఒక ఆదివారం వాటి అర్థం జనానికి చెప్పబోతున్నారు. ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది నీలం రంగు నిలువుటంగీ. దానికి తల దూర్చే మెడ ఎన్నటికీ చిరగకుండా ఉండాలని శాస్త్రం. అలాంటి మెడ గురించి తాను ఒక్కచోటే విన్నానని, తవరి అంగీ ఒకసారి చూపిస్తే చాలు అని రాయించాడు.

మా కుటుంబాన్ని ఎవరైనా ఒకటి అడిగి ఎన్నేళ్లయిందో లెక్క వేసుకున్నాను. అంగీని రేకు పెట్టెలో పెట్టి, తలపాగా చుట్టుకుని బయలుదేరాను.

రాయగడ దాటాక

రాయగడ దాటాక కొండలు దగ్గరకు వస్తాయి, తెలుగు దూరమవుతుంది. టిట్లాగఢ్‌లో ఎక్కిన ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ నా పెట్టె మీద తన మూట పెట్టి, నా ఎదుట కూర్చుంది. మూట తీయమని చేత్తో చూపించాను. తీసి, నేను పెట్టెను ఒళ్లోకి లాక్కుంటే, అందులో ఏముందని అడిగింది. బట్టలు అన్నాను. పెళ్లికా అంది. కాదన్నాను. పెళ్లికి కాని బట్టలను ఎవరైనా ఒళ్లో పెట్టుకు కూర్చుంటారా అని పక్కనున్నవాళ్లతో అని, అందరూ నవ్వాక, మూట విప్పి ఠేఠరీలూ ఖుర్మీలూ చేతిలో పోసింది. ఠేఠరీ మన జంతికకు చుట్టం, కాకపోతే పంటికి ఇంకొంచెం పని పెడుతుంది. ఖుర్మీ తీపి. రైల్లో పరాయివాళ్లు పెట్టింది తినకూడదని మా ఇంట నియమం. రాయ్‌పూర్ వచ్చేసరికి నా చేతిలో ఏమీ మిగలలేదు.

పవర్ హౌస్

భిలాయికి దిగవలసిన స్టేషను పేరు పవర్ హౌస్. రాష్ట్రం వేరుపడి మూడేళ్లు కాలేదు. బజారులో చాలా బోర్డుల మీద మధ్యప్రదేశ్ అన్న మాట మీద సున్నం కొట్టి ఛత్తీస్‌గఢ్ అని రాశారు, సున్నం పలచబడిన చోట పాత పేరు తొంగిచూస్తోంది. పేరు మారినా కుర్చీలు మారని వాళ్లను చూస్తే నాకు కొంచెం అసూయ కలుగుతుంది.

సామ్యేలు ప్లాట్‌ఫాం మీద కోడలి భుజం పట్టుకుని నిలబడ్డాడు. సన్నగా, తెల్లగా ఉతికిన చొక్కాలో ఉన్నాడు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటికి పొర. నా అడుగుల చప్పుడు విని చేతులు జోడించాడు.

"తవరు ఒచ్చేరా బాబూ. నానే తవరి దగ్గరికి రావాల. కళ్లు అగుపడవు."

కోడలు రూతు ముప్పై ఏళ్లది, భిలాయిలోనే పుట్టింది, క్యాంప్ 1లో బట్టల కుట్టు దుకాణం నడుపుతోంది. "నమస్తే అంకుల్, పెట్టె ఇవ్వండి నేను పకడ్‌తాను" అంది.

నన్ను అంకుల్ అన్నవాళ్లు అంతవరకూ లేరు. పెట్టె ఇవ్వలేదు.

"అంకులేటే గుంటా? దొరబాబు అనాల" అన్నాడు సామ్యేలు.

"లోగ్ హసేంగే పాపా, నవ్వుతారు. దొరబాబు అంటే ఫిల్మ్ లాగ ఉంటాది" అంది రూతు మామగారితో.

ముగ్గురం స్టేషను బయట పోహా, జిలేబీ తిన్నాం. ప్లేటు నాలుగు రూపాయలు. అటుకుల మీద సన్న కారప్పూస జల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టి, రెండూ కలిపి తినమంటారు. పొద్దున్నే తీపీ కారం ఒక ఆకులో పెట్టడం మనకు తెలియని పద్ధతి. రెండో ప్లేటు నేనే అడిగాను. కూరల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఆనపకాయ బేరం ఆడుతూ "ఏటీ, దీనికా పది రూపాయలు" అంటున్నారు. శ్రీకాకుళం నుంచి ఇంత దూరం వచ్చి ఆ "ఏటి" అరగకుండా ఉంది.

క్యాంప్ 1

ప్లాంటు కట్టేటప్పుడు కూలీల కోసం వేసిన ఇళ్లే క్యాంప్ 1. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగవలసిన సందులు. సామ్యేలు ఇంట ముందు గదిలో మూడు కుట్టుమిషన్లు, గోడ నిండా స్కూలు యూనిఫారాలు. వాటి మధ్య ఒక కర్ర చట్రానికి తొడిగి ఉన్నాయి ఆ వస్త్రాలు.

నేను చూసిన దర్బారు దుస్తులు తక్కువ కావు. అయినా గుమ్మంలో ఆగిపోయాను. లోపల తెల్లని లాగు, దాని మీద గడి నేతలా కుట్టిన తెల్లని చొక్కాయి, నడుముకు దట్టి. భుజాల మీంచి దిగే ఏఫోదు అనే పై వస్త్రానికి పాత బనారసు చీరల జరీ. రొమ్ము మీద జానెడు పతకం, దానిలో నాలుగు వరసల్లో పన్నెండు రాళ్లు, గాజుల కొట్లో ఏరినవి. తలకు తెల్లని పాగా, నుదుట ఇత్తడి రేకు. అసలుది మేలిమి బంగారమట. నీలం అంగీ ఒక్కటి మేకుకు వేరుగా వేలాడుతోంది. కింది అంచున ఉన్నితో అల్లిన దానిమ్మకాయలు, రెండేసి కాయల మధ్య ఒక మువ్వ. డెబ్బై రెండు మువ్వలు, నాట్యం వాళ్ల కొట్లో కొన్నవి. కాయలు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్లలో స్వెట్టర్లు అల్లే ఆఫీసర్ల భార్యలు అల్లి ఇచ్చారు.

మువ్వలు ఎందుకని అడిగాను.

"లోపలికి ఎల్లినప్పుడు సప్పుడు అవాల బాబూ. దేవుడి గదైనా సెప్పకుండా జొరబడకూడదు."

ఈ మాట నాకు నచ్చింది. మా తాతగారు తన ఇంట్లో తన గదికే దగ్గి వెళ్లేవారు.

పెట్టె తెరిచి అంగీ ఇచ్చాను. సామ్యేలు దాన్ని చూడలేదు, తడిమాడు. బుటాల మీద చేతులు ఆగలేదు, నేరుగా మెడ దగ్గరకు వెళ్లాయి. రెండు బొటనవేళ్లూ లోపలి అంచు వెంట నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాయి.

"మా నాయనదే" అన్నాడు. "లోపలికి మడిసి, మడత మీద కుట్టినాడు. మడతలో ఏదో పెట్టినాడు. ఏటి పెట్టినాడో, సూది ఎలాగ నడిపినాడో పైకి తెలవదు." అంగీని ఒళ్లో పరుచుకున్నాడు. "నాలుగు అంగుళాలు ఇప్పనిస్తారా బాబూ?"

వినడానికి చిన్న కోరికే. అంగీ పుట్టాక దాని మీద కత్తెర మోపినవాడు లేడు. విప్పడానికి కాదు, చూపించడానికి తెచ్చానని చెప్పాను. నా గొంతు ఎలా ఉందో నాకు తెలుసు, మా నాన్నగారి గొంతులా ఉంది. పైగా ఒక వాదన కూడా తోచింది. ఆ మెడ చించకూడదని మీ శాస్త్రమే చెప్పింది కదా అన్నాను.

"సింపడం ఏరు, ఇప్పడం ఏరు బాబూ" అని మాత్రం అన్నాడు.

తరవాత అతను చెప్పింది అడిగినట్టు లేదు, ఒప్పుకున్నట్టు ఉంది. తండ్రి ఆ కుట్టు నేర్పుతానని ఎన్నోసార్లు పిలిచాడు. ఇతను పదిహేడో ఏట భిలాయి బండి ఎక్కాడు. "నెలకి జీతం. ఎవడి వసారాలోనూ నిలబడక్కర్నేదు అనీసి పారొచ్చీసినాను. మా నాయన పోనాడు, కుట్టూ పోనాది." ఆ వసారా మాదే. అది ఇద్దరికీ తెలుసు. వచ్చే నెల అతని కుడి కంటికి ఆపరేషను, చూపు నిలుస్తుందో పోతుందో డాక్టరు చెప్పలేదు. ఈలోగా రూతుకు ఆ కుట్టు పట్టించాలని అతని ఆరాటం.

"పర్వాలేదు పాపా. మిషన్ మీద అంచుకి పైపింగ్ వేసేస్తాను. సండేకి ఎవరికీ తెలవదు" అంది రూతు.

"నాకు తెలుస్తాది" అన్నాడు సామ్యేలు. అంగీని మడతలు చెడకుండా నా పెట్టెలో పెట్టించాడు.

సెక్టర్ 7

నా బస సెక్టర్ 7లో మూర్తిగారింట. మన వైపు ఇంజనీరే, సామ్యేలు ఉత్తరం రాసిపెట్టింది ఆయనే. దొరలు క్యాంపులో ఎలా ఉంటారని సామ్యేలే అక్కడ ఏర్పాటు చేశాడు.

ఒక ఊరిని ఇంత ఒద్దికగా కట్టవచ్చని సెక్టర్ 7 చూశాకే నమ్మాను. వెడల్పు రోడ్లు, రెండు వైపులా వేపచెట్లు, ప్రతి క్వార్టరు ముందూ చారెడు తోట. ప్రహరీ ఎత్తును బట్టి మనిషిని అంచనా కట్టే అలవాటు నాది. అక్కడ గోడలన్నీ ఒకే ఎత్తు. షిఫ్టు వేళకు సైకిళ్ల మీద హెల్మెట్లతో వందల మంది ఒక్కసారి వీధిలోకి వస్తారు. ఒకరిని ఒకరు తోసుకోరు. మా తాతగారి పట్టాభిషేకపు ఊరేగింపులో ఇంత క్రమం ఉండి ఉండదు.

మరునాడు పొద్దున పెసరట్లు తిన్నాక, వరండాలో మూర్తిగారిని ఆ బట్టల సంగతి అడిగాను. క్రైస్తవుడు కాని ఈయనకు వాటితో ఏమి పని అని నా సందేహం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన రష్యన్ నేర్చుకున్నారు. అప్పట్లో ప్లాంటుకు వచ్చిన రష్యన్ నిపుణుల్లో బోరిస్ అని ఒకాయన, ఆయన కింద పనిచేశారు. ఆ బోరిస్ పుట్టుకతో యూదుడు. బయట ఎక్కడా చెప్పేవాడు కాదు. చలికోటు బిగుతు చేయించుకోవడానికి సామ్యేలు దగ్గరకు వెళ్లినప్పుడు, అతని సూది పని చూసి కదిలిపోయి, తన తాత యాజక వంశం వాడని మూర్తిగారితో చెప్పాడు. ఆ తరవాత ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క బట్ట గురించి చెప్పేవాడు. మూర్తిగారు మధ్యన కూర్చుని సామ్యేలుకు తెలుగులో అందించేవారు.

"వాళ్ల గుడి కూలిపోయి రెండు వేల ఏళ్లకు దగ్గరవుతోంది" అన్నారు మూర్తిగారు. "బట్టల్లో ఒక్క పోగు మిగల్లేదు. అయినా బంగారాన్ని రేకుగా కొట్టి, తీగలుగా కత్తిరించి, ఒక తీగకు ఆరు నీలం పోగులు ఎలా పేనాలో బోరిస్‌కి తెలుసు. ముందు లాగు, తరవాత చొక్కాయి, ఏది ఎప్పుడు తొడగాలో తెలుసు. వాళ్ల తాత చూడలేదు, ఆయన తాతా చూడలేదు. రేపు గుడి కడితే కుట్టేవాడు తడుముకోకూడదని నేర్పుతూ వచ్చారట."

ఒక్క నీలం రంగు మాత్రం చేజారిపోయిందట. అది సముద్రంలో ఏదో ప్రాణి నుంచి తీసేవారు. ఏ ప్రాణో మధ్యలో ఒక తరం మరిచిపోయింది. దాన్ని గురించి చెప్పినప్పుడు బోరిస్ సొంత మనిషి పోయినట్టు మాట్లాడాడట.

ఇంకా చాలా చెప్పారు. ఆ బట్టలు యాజకుడి సొత్తు కావు, ప్రజల డబ్బుతో కుట్టినవి. గుడి దాటి వేసుకు తిరగకూడదు. ఒంటి మీద ఉన్నంతసేపే యాజకత్వం, విప్పితే అందరిలాంటి మనిషి. కొలతకు పొడుగైనా పొట్టైనా, మాసినా చిరిగినా, చేసిన సేవ చెల్లదు. ఏడాదికి ఒక్కసారి అన్నిటికన్నా పవిత్రమైన గదిలోకి వెళ్లేటప్పుడు మాత్రం బంగారమంతా విప్పేసి, వట్టి తెల్లని నారబట్టతో వెళ్లాలి. ఒక్కొక్క బట్ట ఒక్కొక్క తప్పును మాపుతుందని పెద్దల మాట. మువ్వల అంగీ చాడీలకు ప్రాయశ్చిత్తం, నోటి చప్పుడుకు మువ్వల చప్పుడు జవాబు. తలపాగా గర్వానికి. ఈ చివరి మాట చెప్పాక మూర్తిగారు నా తల వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు.

బట్టలు పాతబడితే ఏం చేసేవారు అని అడిగాను. దాచుకునేవారు అంటారని నా ఊహ.

"మామూలు యాజకుల బట్టలను దాచేవారు కాదు. పోగులు విప్పి గుడిలో దీపాలకు వత్తులు చేసేవారు" అన్నారు.

నేను లేచి తోటలోకి వెళ్లి కొంతసేపు నిలబడ్డాను. గులాబీలు బాగున్నాయి, కానీ వాటి కోసం వెళ్లలేదు. పోగు లేకుండా కుట్టును కాపాడుకున్న వాళ్లు అక్కడ. అంగీని పెట్టెలో పెట్టుకుని, కుట్టేమిటో తెలియక, కుట్టినవాడి పేరైనా తెలియక, అరవై ఏళ్లు తల ఎత్తుకు తిరిగిన వాణ్ని నేను. నలభై ఏళ్లుగా ఆ అంగీకి నేను చేసిన సేవ కలరా ఉండలు మార్చడం.

మళ్లీ క్యాంప్ 1

శనివారం పొద్దున్నే పెట్టెతో వెళ్లాను. రూతు నీలం అంగీకి పైపింగు కత్తిరిస్తోంది. అది పక్కన పెట్టి మా అంగీ మెడ విప్పమన్నాను.

సామ్యేలు నా మాట రెండోసారి చెప్పించుకున్నాడు. తరవాత చేతులు కడుక్కుని వచ్చి, కిటికీ దగ్గర చాప వేయించాడు. కత్తెర ముట్టనివ్వలేదు. రూతు సూది మొనతో ఒక్కొక్క కుట్టూ ఎత్తుతుంటే, అతని వేలు దాని వెనకే నడిచింది. ప్రతి కుట్టుకూ అది ఎటు పోయిందో ఆమె పైకి చెప్పాలి, అతను లెక్క పెట్టుకోవాలి. రెండు ముందుకు, ఒకటి వెనక్కి. మూడో కుట్టు దగ్గర దారం మడత చుట్టూ తిరిగి తన కిందనుంచే వచ్చింది. ఒకచోట తెగినా పక్కది విడదు. రెండు అంగుళాలు విప్పేసరికి రూతు ఎదురు ప్రశ్నలు వేయడం మానేసింది. మూడో అంగుళానికి ఆమే ముందు చెప్పి, సూది తరవాత ఎత్తుతోంది.

నాలుగో అంగుళంలో మడత తెరుచుకుంది. నేను ముందుకు వంగాను. లోపల పట్టు ఉంటుందనుకున్నాను, కనీసం మంచి నార. ఉన్నది వేలెడు వెడల్పు ముతక నూలు పట్టీ, ఒకప్పుడు పచ్చరంగుదేమో.

"బోర్డర్ హై. చీర అంచు" అంది రూతు.

సామ్యేలు దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపాడు. తిప్పి మళ్లీ నలిపాడు.

"గంటెం కోక" అన్నాడు. "మాయమ్మ కట్టీది. పొలం పన్లోకి కట్టే కోక ఇది. అంచు అరగదు."

మా తాతగారి దర్బారు అంగీ మెడను అన్నేళ్లు నిలబెట్టింది పొలానికి వెళ్లే ఆడమనిషి చీర అంచు. లచ్చన్న ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించగలను. ఆవిడ పేరు అడిగాను. పైడమ్మ అని చెప్పాడు. నేను నా నోట్‌బుక్కులో లచ్చన్న, పైడమ్మ అని రాసుకున్నాను. వంశవృక్షం రాసుకునే పుస్తకం అది.

మధ్యాహ్నం బోరే బాసీ పెట్టారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి, మరునాడు ఉల్లిపాయతో పచ్చిమిరపతో తింటారు. మన చద్దన్నమే, ఇక్కడ దొరా కూలీ తేడా లేకుండా వేసవిలో అందరూ తింటారట. వీళ్లు మన వైపు ఎండుచేప కూడా చేర్చారు. మా తాతగారి రోజుల్లో దర్జీ వసారా దాటి లోపలికి రాలేదు. నేను ఆ ఇంట వంటగదిలో పీట మీద కూర్చుని రెండోసారి ఎండుచేప వేయించుకున్నాను.

నీలం అంగీ తొడుక్కోవలసిన జోసఫ్ ప్లాంటులో క్రేను నడుపుతాడు, ఆ రోజు షిఫ్టులో ఉన్నాడు. పొడుగు సరిచూడడానికి ఒక మనిషి కావాలి. రూతు నన్ను పైనుంచి కిందకు చూసింది.

"అంకుల్, మీరు నిలబడండి. ఎవరికైనా సీధా ఖడే రహో, తిన్నగా నిలబడు అని దస్ బార్ చెప్పాలి. మీకు అక్కర్లేదు."

నా వెన్ను గురించి ఇంత తిన్నగా మెచ్చుకున్నవాళ్లు లేరు. తలపాగా తీసి పక్కన పెట్టాను. నీలం అంగీ వేశారు, మీద ఏఫోదు వేశారు. రెండు భుజాల మీదా రెండు నల్లరాళ్లు, ఒక్కో దాని మీద ఆరేసి గోత్రాల పేర్లు చెక్కించారు. యాజకుడు మోయవలసింది తన పేరు కాదు, జనం పేర్లు. రాళ్లు నేను అనుకున్నదానికన్నా బరువుగా ఉన్నాయి.

రూతు మెడ మొదలుపెట్టింది. మడతలో పెట్టడానికి పక్కింటి ఛత్తీస్‌గఢీ అవ్వ తన పాత లుగ్రా అంచు కోసి ఇచ్చింది. లుగ్రా అంటే అక్కడి నేత చీర. అదీ పొలాల్లో కట్టేదే.

ఆదివారం

చర్చి నిండిపోయింది. నేను వెనక బెంచీలో కూర్చోబోతే సామ్యేలు ఒప్పుకోలేదు, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పాస్టరుగారు ఒక్కొక్క వస్త్రం పేరు చెప్పి అర్థం చెబుతుంటే, జోసఫ్‌కు ఒక్కొక్కటి తొడుగుతున్నారు. జోసఫ్‌ది పెద్ద తల, మా తాతగారి తల కన్నా పెద్దది. నీలం అంగీ వంతు వచ్చింది. ఇద్దరు పట్టుకుని తల మీదుగా దింపారు. చెవుల దగ్గర ఆగింది. జోసఫ్‌కు కంగారెక్కువ, లోపలి నుంచే రెండు చేతులతో మెడ పట్టుకుని బలంగా కిందికి లాగాడు. ముందు వరసలో ఉన్న రూతు కళ్లు మూసుకుంది.

సామ్యేలుకు ఇవేవీ కనిపించలేదు. తల పక్కకు వంచి వింటున్నాడు. బట్ట చిరిగే చప్పుడు ఎలా ఉంటుందో యాభై ఏళ్లుగా ఆ చెవికి తెలుసు. అతని చెయ్యి నా మోకాలి మీద ఉందని నేను అప్పుడే గమనించాను.

మువ్వలు మోగాయి. డెబ్బై రెండూ ఒక్కసారి మోగాయి. వాటిలో ఇంకో చప్పుడు లేదు.

"దిగిందేటి?" అని నన్ను అడిగాడు.

"దిగింది సామ్యేలూ" అన్నాను.

అతని చెయ్యి నా మోకాలి మీంచి లేచింది. మొహం తుడుచుకున్నాడు.

తిరుగు రైలు

మా అంగీ మెడను సోమవారం పొద్దున రూతు మూసింది. పాత అంచు తీసి కొత్త శాటిన్ పెట్టనా అని అడిగింది. ఉన్నది ఉన్నట్టే పెట్టమన్నాను. కుట్టడం మాత్రం తానే కుట్టింది, మామగారు పక్కన కూర్చుని ఒక్కసారి కూడా వేలు పెట్టలేదు.

పవర్ హౌస్‌లో బండి ఆగేది కొద్ది నిమిషాలే. పెట్టె రూతు చేతికి ఇచ్చాను, తనే ఎక్కించి సీటు కింద సర్దింది. కిటికీ దగ్గరకు వచ్చి జాగ్రత్తలు చెప్పింది. "అంకుల్, నేను కుట్టింది కొత్తగా ఉంది. మెడ పకడ్‌కే మత్ ఉఠానా. భుజాల దగ్గర పట్టుకుని తియ్యండి."

"ఏమ్మా, నీ కుట్టు మీద నీకే నమ్మకం లేదా?" అన్నాను. అంకుల్ అన్న పిలుపుకు నేను పలకడం అదే మొదలు.

ఆమె పక్కన నిలబడ్డ సామ్యేలు అందుకున్నాడు. "మెడ పట్టుకునే ఎత్తండి బాబూ. ఏటీ అవదు."

బండి కదిలింది. విజయనగరం చేరాక పెట్టె తెరిచి, మెడ లోపలి అంచు వెంట బొటనవేలు నడిపాను. లచ్చన్న ఎక్కడ ఆగాడో, రూతు ఎక్కడ అందుకుందో తెలుస్తోంది. రూతుది ఒక్క పిసరు బిగువు.

ఆ రాత్రి అంగీని పెట్టెలో పెట్టలేదు. మెడ పట్టుకుని ఎత్తి, గోడ మేకుకు తగిలించాను. ఇది రాస్తుండగా నా ఎదురుగానే వేలాడుతోంది. చూడాలనుకున్నవాళ్లు రావచ్చు. కుట్టు నేర్చుకోవాలనుకున్నవాళ్లు మాత్రం క్యాంప్ 1 వెళ్లాలి.